పంటి కింది గింజ

ఆవిరి పట్టిన వడ్లు కళ్ళం మీద పరిచి అప్పటికి రెండు గంటలు దాటింది. పేరమ్మ తూర్పు గోడ దగ్గర బయలుదేరి పడమటి గోడ దాకా నడిచింది. అక్కడ వెనుదిరిగి మళ్ళీ తూర్పు గోడ దాకా నడిచింది. ఆ నడకలో పాదం నేలను విడవకూడదు. కుడికాలు వడ్లను కుడివైపుకు, ఎడమకాలు ఎడమవైపుకు తోసుకుంటూ పోతే నడుమ సన్నని సిమెంటు చాలు తేలుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ చాలు పూడిపోయి దాని పక్కన ఇంకొకటి తేలుతుంది. అడుగున చెమ్మగా ఉన్న గింజ పైకి వస్తుంది, పైన కాగిన గింజ అడుగుకు పోతుంది. ఆమె వెనక ఇరవై తొమ్మిది మంది ఆడవాళ్ళు అట్లాగే నడుస్తున్నారు. ఎవరి కాళ్ళకూ చెప్పులు లేవు. చెప్పులతో వడ్లను తొక్కితే లక్ష్మీదేవికి అవమానమని మిల్లు యజమాని జయరామయ్య అంటాడు. అరికాళ్ళు బొబ్బలెక్కితే ఎవరికి అవమానమో ఆయన ఎన్నడూ చెప్పలేదు.

పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం, చైత్రమాసం. కోవూరులోని ఆ మిల్లుకు వచ్చి పేరమ్మకు ఇరవై రెండేళ్ళు. మనిషి పొట్టి. భుజాల ఎముకలు రవికె కింద రెండు మొలకల్లా పొడుచుకు వచ్చి ఉంటాయి. అరికాళ్ళు మాత్రం మరెవరివో తెచ్చి అతికించినట్టు వెడల్పుగా, మందంగా, పగుళ్ళ నిండా ఊకధూళితో తెల్లగా ఉంటాయి. నోరు ఎప్పుడూ మూసే ఉంటుంది. నవ్వినా పెదవులు కలిపే నవ్వుతుంది. గర్వమని కొందరు, గుణవంతురాలని కొందరు అనుకునేవారు. ఆ రెండింటిలో ఏదీ నిజం కాదు.

మలయాళ దేశానికి లారీలకెక్కే ఉప్పుడు బియ్యానికి ఆ మిల్లు పెట్టింది పేరు. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబోసి, ఆ తర్వాత దంచే మరలో పోస్తారు. నానబెట్టడానికి తొట్టి ఉంది, ఆవిరికి బాయిలరు ఉంది. ఆరిందో లేదో చెప్పడానికి మాత్రం యంత్రం లేదు, పేరమ్మ ఉంది. చెమ్మ ఉన్న గింజ మరలో నలిగిపోతుంది. మరీ ఎండిన గింజ నూకవుతుంది. ఈ రెంటి నడుమ పదును నిలిచేది అరగంటో ముక్కాలు గంటో. దానికితోడు అది సముద్రానికి దగ్గరి ఊరు. మధ్యాహ్నం దాకా పడమటి వడగాడ్పు కొట్టి, పొద్దు వాలేసరికి మైపాడు వైపు నుంచి గాలి తిరుగుతుంది. ఎండి గలగలలాడే గింజ ఆ ఉప్పుచెమ్మను తాగిందంటే లోలోపల చీలిపోతుంది. పైకి చూస్తే మామూలుగానే ఉంటుంది, మరలో పోసినప్పుడు గాని బయటపడదు. అందుకని ఆ గాలి తిరగకముందే వడ్లు కళ్ళం విడవాలి.

పేరమ్మ గుప్పెడు గింజలు తీసుకుని, పిడికిట బిగించి చల్లార్చి, నోట వేసుకునేది. కొరికి, పొట్టు ఉమ్మి, "ఎత్తండి" అనేది. ఆ మాట ఆమె నోట వెలువడనిదే కళ్ళం మీద ఒక్క తట్ట కదలకూడదన్నది ఆ మిల్లు ఆచారం. గుమాస్తా హజరత్తయ్య చెప్పినా ఎత్తరు, మేస్త్రీ చెప్పినా ఎత్తరు. ఆ మాట అన్నాక ఆమె బాయిలరు పాక బయటి గోడ దగ్గరికి వెళ్ళి, అంచున బెజ్జం వేసి మేకుకు తగిలించి ఉన్న అల్యూమినియం గ్లాసు తీసుకుని పట్టుకుంటే, హజరత్తయ్య నాలుగడుగుల దూరాన నిలబడి చెంబుతో పైనుంచి నీళ్ళు వంచేవాడు. ఆమె పుక్కిలించి, గ్లాసు కడిగి, మళ్ళీ మేకుకే తగిలించేది. మిల్లుకు ఆమె నోరు కావాలి. ఆ నోరు తాకిన గ్లాసు మాత్రం మిల్లు లోపలికి రాకూడదు. ఈ ఏర్పాటులో ఉన్న వింత ఇరవై రెండేళ్ళలో ఆ ఊళ్ళో ఒక్కరికీ తోచలేదు.

పదకొండు గంటల వేళ కంచె అవతల చెంచమ్మ కనిపించింది. ఒకప్పుడు ఈ కళ్ళం మీదే పేరమ్మ పక్కన నడిచిన మనిషి. కిందటేడు మానేసి పోయింది. అప్పటినుంచి ఇప్పుడున్నది ఆమెకు నాలుగో మిల్లు.

"ఏమక్కా, ఇంకా ఆ చాళ్ళల్లోనే తిరగతా ఉండావా? గానుగెద్దునన్నా పొద్దుగూకితే ఇప్పతారు గదా" అంది చెంచమ్మ, కంచె ముళ్ళకు కొంగు తగలకుండా ఎత్తి పట్టుకుని.

పేరమ్మ నడక ఆపలేదు. కంచె వైపు చాలు తిప్పుకుని, "నన్నెందుకు, నువ్వు యాడ తిరగతా ఉండావో అది చెప్పు" అంది.

"విడవలూరు రోడ్డులో, పద్మనాభయ్య కొత్త మిల్లు. మొగుళ్ళను మార్చినట్టు మిల్లుల్ని మార్చిందని మీ అయ్య అంటుండాడంటనే! మొగుడు ఒక్కడే నాకు. వాడు తిడితే తిరిగి తిడతా, సరిపోతాది. మిల్లాయన్ని తిట్టలేం గదా, అందుకని మార్చినా."

వెనక నడుస్తున్న ఇమాంబీ కిసుక్కున నవ్వింది. చెంచమ్మ గొంతు తగ్గించింది.

"అక్కా, పద్మనాభయ్యకి మూడు కళ్ళాలు వరసాగ్గా నూకలైపోయినాయి. పదును చూసే మనిషి లేదు. పొద్దున లేస్తే నీ పేరే తలస్తా ఉండాడు. నీకు పాక ఏపిస్తాడంట. నీడన నువ్వు కూచుంటే గింజలు నీ దగ్గరికే తెస్తారంట."

"ఊరికే కూచోబెడతాడా?"

"ఒక్క తూరి ఆయన ముందర చూపించాలంట. పది పిడికిళ్ళు. కొరికిన గింజ కొరికినట్టు చేతిలో ఉమ్మి చూపించాల. ఎద్దును కొనేవాడు పళ్ళు చూడడా, అట్ట."

పేరమ్మ పాదాలు ఒక్క క్షణం ఆగాయి. "నేను రాను" అంది.

"ఏంది నీకు ఈడ ఉండేది?"

"రానని చెప్పినా గదా. పోమ్మే, హజరత్తయ్య చూస్తుండాడు."

రానన్నది విశ్వాసం వల్ల కాదు, భయం వల్ల. పేరమ్మ నోట్లో పన్ను లేదు.

ఉప్పుడు గింజ రాయితో సమానం. దాన్ని రోజుకు ఏడెనిమిది సార్లు, ఏడాదికి తొమ్మిది నెలలు కొరికే మనిషి పళ్ళు ఎన్నేళ్ళు నిలుస్తాయో ఎవరూ లెక్క వెయ్యలేదు. మొదట కుడివైపు దవడపళ్ళు అరిగి, పగిలి, ఊడిపోయాయి. ఆమె ఎడమవైపుకు మార్చుకుంది. ఎడమవైపువీ పోయాక ముందుపళ్ళతో కొరికింది. అవీ ఒకటొకటిగా వదులయ్యాయి. చివరిది రెండేళ్ళ కిందట, సరిగ్గా కళ్ళం నడుమ, పొట్టుతో కలిసి చేతిలోకి వచ్చింది. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుని, నెత్తురు మింగి, "ఎత్తండి" అంది. ఆనాటి బియ్యంలో చారెడు నూక కూడా లేదు. తనకు పదును చెబుతున్నది పన్ను కాదని పేరమ్మకు అప్పుడు తెలిసింది. అరికాలికి గింజ తగిలే తీరు, పిడికిట్లో బిగిస్తే వచ్చే గలగల, వీటిని కాలూ చెయ్యీ ఎప్పుడో నేర్చుకుని ఊరుకున్నాయి. పన్ను ఆ సంగతిని పైకి చూపించే తంతు మాత్రమే. అయినా ఆ తంతు లేకపోతే యజమాని నమ్మడు. అందుకని రెండేళ్ళుగా ఆమె గింజలు నోట వేసుకుంటూ, దవడ ఆడిస్తూ, గింజకు గింజ కొంగు చాటున ఉమ్మేస్తూ వచ్చింది. కొత్త చోట నోరు తెరవాలి. ఇక్కడ ఎవరూ ఆమె నోటి వంక చూడరు. ఎవరూ చూడని ఆ చోటే ఆమెకు దక్కిన భద్రత.

జయరామయ్యకు ఇదేమీ తెలియదు. ఏటా ఆయుధపూజ నాడు బాయిలరుకు బొట్టు పెట్టించి, పనివాళ్ళను వరసగా నిలబెట్టి, పేరమ్మను ముందుకు పిలిచి కోక ఇచ్చేవాడు. "మనిషంటే ఇట్టా ఉండాల. తిన్నచోటును మరిచిపోని మనిషి" అనేవాడు. ఆయన సొంత చరిత్ర వేరు. ఇరవయ్యో యేట నెల్లూరులో ఒక బియ్యపు వర్తకుడి దగ్గర గుమాస్తాగా కుదిరి, అన్నీ నేర్చుకుని, ఆయన ఖాతాదారులను వెంటబెట్టుకుని బయటికి వచ్చాడు. ఈ మిల్లు పెట్టడానికి పెట్టుబడి ఇచ్చిన భాగస్వామిని నాలుగేళ్ళలో తప్పించాడు. బస్సు వేశాడు, అమ్మేశాడు. నూనె గానుగ పెట్టాడు, మూసేశాడు. ఇప్పుడు టూరింగు టాకీసు సంగతి ఆలోచిస్తున్నాడు. ఊరు దీన్ని ముందుచూపు అంది. చెంచమ్మ పావలా ఎక్కువ కూలికి నాలుగు ఫర్లాంగులు నడిచిపోతే మాత్రం, అది నిలకడ లేనితనమూ నమ్మకద్రోహమూ అయింది.

మిట్టమధ్యాహ్నం వడ్లను కుప్పలు చేసి గోనెపట్టలు కప్పారు. ఆ వేడిలో అవి మగ్గాక మళ్ళీ పరిచారు. మూడు గంటలు కావస్తుండగా హజరత్తయ్య వచ్చి, "అయ్య పిలస్తా ఉండాడు. పొద్దున కంచె కాడ మాటలు గాలికి పోతాయనుకున్నావా?" అన్నాడు. ఆ మాటలు మోసుకుపోయిన గాలి తనేనని దాచుకోవాలన్న సిగ్గు కూడా అతనికి లేదు.

పేరమ్మ ఆఫీసుగది మెట్ల కింద నిలబడింది. లోపల జయరామయ్య, ఆయన ఎదుట కుర్చీలో ఒక మలయాళ షావుకారు. లారీల మీద బియ్యం తీసుకుపోయే మనిషి. తెల్లని పంచె, చేతిలో మడిచిన గొడుగు.

"పద్మనాభయ్య మనిషి వచ్చిందంట?"

"వచ్చిందయ్యా."

"ఏమన్నావు?"

"రానన్నాను."

తన జీవితంలో అట్లాంటి పిలుపుకు రానని బదులు చెప్పి ఎరగని జయరామయ్య ఆ మాట నమ్మలేకపోయాడు. బేరం పెంచుతోందనుకున్నాడు. ఆయనకు అర్థమయ్యే భాషలో అది అంతే.

"సరే. రేపటినుంచి నీకూ పాక ఏపిస్తా. తూరుపు మూల. నీడన కూచో. దసరాకు రెండు కోకలు. చాలునా?"

పేరమ్మ తూర్పు మూల వంక చూసింది. ఆ మూల ఇరవై రెండేళ్ళుగా ఖాళీగానే ఉంది. భర్త చనిపోయిన ఏడు, జ్వరం తగ్గని ఒంటితో కళ్ళానికి వచ్చి, అక్కడే రెండు తాటాకులు కట్టిస్తారా అని ఆమె అడిగింది. నీడ పడితే వడ్లు ఎండవని అప్పుడు జవాబు వచ్చింది. వెళ్ళకుండా ఉన్నన్నాళ్ళూ దొరకని నీడ, వెళ్ళిపోతుందన్న అనుమానం కలిగిన నాలుగు గంటలకే దొరికింది.

"వడ్లు ఎండవేమోనయ్యా" అంది.

జయరామయ్యకు ఆ మాట ఎత్తిపొడుపని తోచలేదు. ఎత్తిపొడవడానికి ఆమెకు జ్ఞాపకం ఉంటుందని ఆయన అనుకోడు. షావుకారు వైపు తిరిగి, "చూసినారా? ఇరవై రెండేండ్లు. ఒక్క మిల్లు. ఇంకొకడు బంగారం పోస్తానన్నా కదల్లేదు. మీరు తీసకపోయే బియ్యం ఈమె పంటి కింద నలిగినాకే లారీ ఎక్కేది" అన్నాడు.

"ఈ అమ్మనా?" షావుకారు ముందుకు వంగాడు. "మీ బియ్యం మా ఊళ్ళో మంచి పేరు. ఎట్లా చూస్తుంది? నేను చూడొచ్చా?"

"హజరత్తయ్యా, గుప్పెడు వడ్లు తే. ఏమ్మే, షావుకారు ముందర కొరికి చూపించు."

గింజలు తెచ్చి దోసిట్లో పోశాడు. పేరమ్మ నోట వేసుకుని దవడ ఆడించింది. "ఇంకా కొంచెం సేపయ్యా" అని, ఎప్పటిలాగే కొంగు ఎత్తబోయింది.

"అట్ట కాదు. చేతిలో ఉమ్మి ఆయనకు చూపించు."

ఆమె కదలలేదు. హజరత్తయ్య ఆమె చేతి కింద తన పై పంచె కొంగు చాచబోయి, నాలుగడుగుల దూరం గుర్తుకొచ్చి వెనక్కు లాక్కున్నాడు. చివరికి ఆమె తన అరచేతిలోనే ఉమ్మింది. ఒక్క గింజ కూడా పగలలేదు. అన్నీ తడిసి, నిండుగా, వేసుకున్నవి వేసుకున్నట్టే ఉన్నాయి.

జయరామయ్య ముఖం ఎర్రబడింది. "కొరకలేదు నువ్వు. నా పార్టీ ముందర నన్ను నవ్వులపాలు చెయ్యమని ఆ పద్మనాభయ్య చెప్పి పంపించినాడా? రాననింది ఇదేనా? ఎంతకు అమ్ముడుపోయినావే?"

అంతటితో ఊరుకుని ఉంటే ఆమెకు నష్టం లేదు. అమ్ముడుపోయిన మనిషికి ధర ఉంటుంది. ఆయన తిట్టి, సాయంత్రానికి ఇంకొక కోక పెంచేవాడు. పన్ను లేని మనిషికి ఏ ధరా లేదు. ఆ సంగతి పేరమ్మకు బాగా తెలుసు. అయినా అమ్ముడుపోయిందన్న ఆ ఒక్క మాట ఆమెకు మింగుడు పడలేదు. చేతిలో గింజలు మెట్టు మీద పెట్టి, తల ఎత్తి, నోరు తెరిచింది.

నల్లబడిన చిగుళ్ళు అక్కడక్కడ గట్టిపడి కాయకట్టి ఉన్నాయి. కుడివైపు పైదవడన విరిగిన పంటి మొదలు ఒకటి గోధుమరంగులో మిగిలి ఉంది. ఇంకేమీ లేదు. ఆమె నోరు మూసుకోలేదు. ముగ్గురు మగవాళ్ళూ తనివితీరా చూసేదాకా అట్లాగే నిలబడింది.

"ఎన్నాళ్ళనించి?" అన్నాడు జయరామయ్య.

"రెండేండ్లు."

"రెండేండ్లు! రెండేండ్లు నా కళ్ళం మీద నాటకమాడినావా?"

"ఈ రెండేండ్లల్లో ఒక్క కళ్ళమన్నా నూకయిందా అయ్యా?"

జవాబు షావుకారు చెప్పాడు. "లేదు. నేను తింటున్నా కదా. లేదు."

ఆ మాటే జయరామయ్యను ఎక్కువగా మండించింది. మోసపోయి నష్టపోయి ఉంటే కోపానికి ఒక ఆధారం దొరికేది. మోసపోయి లాభపడడం భరించరానిదయింది. "మోసం మోసమే. ప్రతి దసరాకూ నలుగురి ముందర నిన్ను నిలబెట్టి విశ్వాసమంటే ఇదీ అని చెప్పినా గదే! పన్నులేనిదానికి పదునేంది, పాకేంది? పో. రేపటినుంచి ఈ గేటులో కాలు పెట్టబాక."

ఇరవై రెండేళ్ళ కొలువులో పేరమ్మకు దక్కిన నీడ పావుగంట నిలిచిన ఆ పాక మాటే.

గేటు కళ్ళానికి అవతల ఉంది. వడ్లు తొక్కకుండా అక్కడికి పోవడానికి దారి లేదు. ఆమె అలవాటు కొద్దీ పాదాలు నేలను విడవకుండా నడిచింది. నడుమకు వచ్చేసరికి ఆగింది. అరికాలి కింద గింజ గట్టిగా, పలుచగా, జారుడుగా తగిలింది. ఇదే పదును. పొగగొట్టం వంక చూసింది. పొగ ఇంకా నిటారుగానే పోతోంది. సముద్రపు గాలి రావడానికి ముక్కాలు గంట పడుతుంది. ఆమె ఆగడం చూసి ఇరవై తొమ్మిది మందీ తట్టల మీద చేతులు వేశారు. పేరమ్మ పెదవులు విడివడ్డాయి. మళ్ళీ కలిశాయి. ఆమె నడిచి గేటు దాటింది. తట్టల మీది చేతులు ఒకటొకటిగా వెనక్కు పోయాయి.

హజరత్తయ్య పరుగున వచ్చి ఇమాంబీని పిలిచాడు. "నీకు పళ్ళుండాయి గదా. నువ్వు చూడు."

ఇమాంబీకి ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయి, తాంబూలంతో నల్లబడి, గట్టిగా. పదిహేనేళ్ళుగా పేరమ్మ వెనక నడిచిన మనిషి. కళ్ళం మీది వేడిగింజను వేడిగానే కొరికితే మెత్తగా ఉంటుందని, పిడికిట బిగించి చల్లార్చాకే కొరకాలని ఆమెకు తన పేరు తెలిసినంత బాగా తెలుసు. ఆమె వంగి, గుప్పెడు తీసి, తిన్నగా నోట వేసుకుని కొరికింది.

"ఇంకా పచ్చిగా ఉండాదయ్యా" అంది.

మిగతా ఇరవై ఎనిమిది మందిలో ఒక్కరూ నోరు మెదపలేదు. మళ్ళీ చాళ్ళు కట్టి నడిచారు. గంట గడిచింది. పొగగొట్టం పొగ పడమటికి వంగింది.

కాలవ వంతెన దగ్గర చెంచమ్మ కూర్చుని ఉంది. పేరమ్మ ఆమె ముందు నిలబడి, మాట లేకుండా నోరు తెరిచి చూపించింది.

"మూసుకోక్కా, ఈగలు పోతాయి" అంది చెంచమ్మ. "నాకు తెలీదా? ఆ పొద్దు నువ్వు పన్ను కొంగున కట్టుకునేటప్పుడు నీ పక్కన నడస్తా ఉండింది ఎవురు? నేను గాదా? కళ్ళం మీద అందరికీ తెలుసు. తెలీంది ఆ అయ్యకే."

"ఎవురికన్నా చెప్పినావా?"

"నాలుగు మిల్లులు తిరిగినా. యాడా చెప్పలా." చెంచమ్మ వంతెన గోడ మీంచి దిగింది. "రా. పద్మనాభయ్య ముందర నేను కొరకతా. పళ్ళు నావి, కాళ్ళు నీవి. వాడికేం తెలస్తాది?"

పేరమ్మ నవ్వింది. రెండేళ్ళలో మొదటిసారి పెదవులు విడిచి, చిగుళ్ళు కనిపించేటట్టు, భుజాలు కదిలేటట్టు నవ్వింది. ఆ తర్వాత కొంగుతో నోరు తుడుచుకుని, "పళ్ళు ఒకడు తిన్నాడు. కాళ్ళు ఇంకొకడికా? ఒద్దులేమ్మే" అంది.

మర్నాడు పొద్దుటి బస్సుకు ఆమె ఇందుకూరుపేట పోయింది. అక్కడ ఆమె తమ్ముడు ఉన్నాడని కొందరన్నారు. కోవూరులో ఆమెను మళ్ళీ చూసినవాళ్ళు లేరు.

ఆనాటి కళ్ళం మరలో పోస్తే సగానికి సగం నూక వచ్చింది. మలయాళ షావుకారు ఆ నూకను అరచేతిలో పోసుకుని చూసి, గొడుగు తీసుకుని, విడవలూరు రోడ్డు పట్టుకుని పోయాడు. వ్యాపారంలో ఇవి మామూలేనని జయరామయ్య హజరత్తయ్యతో అన్నాడు. షావుకారును నమ్మకద్రోహి అనలేదు.

బాయిలరు పాక గోడకు ఆ దసరాకు వెల్ల వేశారు. గ్లాసును తాకడానికి హజరత్తయ్యకు మనసొప్పలేదు, తాకమని చెబితే ఆడవాళ్ళెవరూ ముందుకు రాలేదు. అందుకని దాని చుట్టూ మాత్రమే సున్నం పూశారు. తెల్లని గోడ మీద, ఒక నల్లటి మచ్చ నడుమ, మేకుకు తగిలించిన సొట్టల అల్యూమినియం గ్లాసు. సముద్రపు గాలి తిరిగిన ప్రతి సాయంత్రమూ అది గోడకు తగిలి మోగేది, అడుగున పేరుకున్న తవుడు పైకి లేచి మళ్ళీ అందులోనే పడేది.